సామాన్యుల సంకల్పం, దాని నిలకడ: తెలుగు నేల అనుభవాల సమీక్ష

ప్రశ్న స్వరూపం

సామాన్యులు పెద్ద పనులకు పూనుకొని, ఎదురైన ఆటంకాలను దాటి, అనుకున్నది సాధించిన ఉదంతాలు ప్రతి సమాజంలోనూ ప్రచారంలో ఉన్నాయి. అయితే అవి ఎక్కువగా సన్మానసభల ప్రశంసలుగానో, పిల్లలకు చెప్పే నీతిపాఠాలుగానో మిగిలిపోవడం వల్ల, వాటిని ఒక ప్రశ్నగా స్వీకరించి పరిశీలించే ప్రయత్నం తక్కువగానే జరిగింది. ఈ విషయంలో మూడు ఉపప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. ధనం, పదవి, చదువు, కులబలం వంటి అండ లేనివారు పెద్ద లక్ష్యాన్ని ఎలా తలపెట్టగలుగుతారు అన్నది మొదటిది. తలపెట్టిన దాన్ని ఏ మార్గాన నెరవేరుస్తారు అన్నది రెండవది. నెరవేరిన పని ఎంతకాలం నిలుస్తుంది, ఎందువల్ల నిలుస్తుంది లేదా నిలవదు అన్నది మూడవది. మొదటి రెండింటికి జీవితచరిత్రల్లోనూ పత్రికా కథనాల్లోనూ సమాధానాలు విరివిగా దొరుకుతాయి. విజయం దక్కిన రోజుతోనే కథ ముగించే అలవాటు వల్ల మూడవ ప్రశ్న మరుగున పడుతూ వచ్చింది.

తెలుగు ప్రాంతంలో గత నూటపాతికేళ్లలో జరిగిన కొన్ని ప్రయత్నాలను, అంటే గ్రంథాలయోద్యమాన్ని, సారా వ్యతిరేక ఉద్యమాన్ని, పొదుపు సంఘాలను, మహిళా పాడి సహకారాన్ని, జహీరాబాద్ ప్రాంతపు సంఘాల కృషిని, సాంఘిక సంక్షేమ గురుకులాల అనుభవాన్ని, ఈ మూడవ ప్రశ్న వెలుగులో సమీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడ సామాన్యులు అంటే, తాము మార్చదలచిన వ్యవస్థలో నిర్ణయాధికారం లేనివారు అని అర్థం. అవరోధం అనే మాటను నాలుగు రకాలుగా విభజించుకోవడం మంచిది: చేతిలో డబ్బు లేకపోవడం ఆర్థికావరోధం, కులం, స్త్రీత్వం, భాష కారణంగా ఎదురయ్యే నిరాకరణ సామాజికావరోధం, పని చేయడానికి చట్టమే అనుమతించకపోవడం శాసనావరోధం, తమవంటి వారు అలాంటి పని చేయగలరన్న ఊహే కలగకపోవడం ఆకాంక్షావరోధం. నిజజీవితంలో ఇవి విడివిడిగా కాక ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఎదురవుతాయి కాబట్టి, ఒకదాన్ని దాటినవారు వెంటనే రెండవదాన్ని ఢీకొనవలసి రావడం ఈ ఉదంతాలన్నింటిలోనూ కనిపిస్తుంది.

ప్రచారంలో ఉన్న వివరణలు

ఈ విషయంపై ఉన్న వివరణలను స్థూలంగా మూడు వర్గాలుగా చెప్పవచ్చు. మొదటిది వ్యక్తి మనస్తత్వంలో కారణాన్ని వెతుకుతుంది. అమెరికాలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన స్వసామర్థ్య విశ్వాసం, అంటే ఫలానా పనిని తాను చేయగలనని మనిషికి తనపై ఉండే నమ్మకం, ఈ వర్గానికి పునాదివంటిది. తనవంటి స్థితిలో ఉన్న మరొకరు ఆ పని చేయడాన్ని కళ్లారా చూడటం కూడా ఆ నమ్మకానికి ఒక ఆధారమని ఆయన గుర్తించారు. తరువాత ఏంజెలా డక్‌వర్త్ ప్రచారంలోకి తెచ్చిన గ్రిట్ అనే భావన, అంటే ఏళ్ల తరబడి ఒకే లక్ష్యంపై ఆసక్తీ శ్రమా సడలకుండా ఉండే గుణం, వ్యక్తిత్వ వికాస గ్రంథాల్లో విశేషంగా చోటు సంపాదించుకుంది. అయితే 2017లో మార్కస్ క్రెడే, ఆయన సహచరులు అప్పటివరకు వెలువడిన అధ్యయనాలన్నింటినీ కలిపి లెక్కగట్టి, ఈ గుణం మనస్తత్వశాస్త్రంలో ముందునుంచీ తెలిసిన కర్తవ్యనిష్ఠకు చాలా దగ్గరగా ఉందని, ఫలితాలను ముందుగా సూచించడంలో దాని శక్తిని ఎక్కువగా అంచనా వేశారని చూపారు. ఈ వివరణకు ఇంకొక బలహీనత కూడా ఉంది. గెలిచినవారిని మాత్రమే పరిశీలించి వారిలో పట్టుదలను కనుగొనే పద్ధతికి, అంతే పట్టుదలతో శ్రమించి ఓడినవారు కనిపించరు.

రెండవ వర్గం వ్యక్తి చుట్టూ ఉన్న పరిస్థితులను ముందుకు తెస్తుంది. అమర్త్య సేన్ ప్రతిపాదించిన సామర్థ్య దృక్పథం ప్రకారం, మనిషికి ఏమేమి వస్తువులు ఉన్నాయన్నదానికన్నా, తాను విలువైనదిగా భావించే జీవితాన్ని గడిపే వాస్తవమైన స్వేచ్ఛ ఎంత ఉందన్నది ముఖ్యం. అర్జున్ అప్పాదురై 2004లో వెలువరించిన వ్యాసంలో ఆకాంక్షించే సామర్థ్యం అనే భావనను ప్రవేశపెట్టి, పేదవారికి కోరికలు తక్కువ కావని, కోరికకూ దాన్ని నెరవేర్చుకునే మెట్లకూ మధ్య దారి తెలుసుకునే అవకాశం మాత్రం సమాజంలో అసమానంగా పంపిణీ అయిందని వివరించారు.

మూడవ వర్గం సమష్టి చర్యను అధ్యయనం చేస్తుంది. అందరికీ మేలు కలిగే పనిలో ఎవరికి వారు ఇతరుల శ్రమపై ఆధారపడి తాము తప్పుకోవడానికి మొగ్గు చూపుతారని, అందువల్ల పెద్ద సమూహాలు తమ ఉమ్మడి ప్రయోజనం కోసమైనా సులభంగా కదలవని మాన్సర్ ఓల్సన్ 1965లో వాదించారు. తమలో తాము నియమాలు ఏర్పరచుకొని, ఒకరినొకరు గమనించుకుంటూ, తప్పినవారికి చిన్న జరిమానాతో మొదలయ్యే శిక్షలు అమలుచేసుకునే సమూహాలు ఈ చిక్కును అధిగమించాయని ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో వెలువరించిన గ్రంథంలో ప్రపంచం నలుమూలల నుంచి ఉదాహరణలతో నిరూపించారు. ఈ మూడు వర్గాలూ సత్యంలో కొంత భాగాన్ని పట్టుకున్నవే. కానీ సాధించిన ఫలితం దశాబ్దాల తరువాత ఏమైందన్న ప్రశ్నకు వీటిలో ఏదీ ఒంటరిగా సమాధానం చెప్పలేదు.

చందా నుంచి చట్టం దాకా: గ్రంథాలయోద్యమం

తెలుగువారి ఆధునిక చరిత్రలో ప్రభుత్వ ప్రమేయం లేకుండా, ఊరి మనుషుల చందాలతో మొదలై రాష్ట్రమంతటా అల్లుకున్న తొలి పెద్ద ప్రయత్నంగా గ్రంథాలయోద్యమాన్ని చెప్పుకోవచ్చు. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో, కొమర్రాజు వెంకటలక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు తదితరుల పూనికతో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఏర్పడింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. కోస్తా ప్రాంతంలో 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయం స్థాపితమైంది. అయ్యంకి వెంకటరమణయ్య కృషితో 1914 ఏప్రిల్‌లో అక్కడే చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన తొలి గ్రంథాలయ మహాసభ జరిగి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం రూపుదిద్దుకుంది.

ఈ ఉద్యమాన్ని సామాన్యుల ప్రయత్నంగా పరిగణించడానికి అభ్యంతరం చెప్పేవారు, తొలి స్థాపకుల్లో జమీందారులూ విద్యాధికులూ ఉన్న సంగతిని ఎత్తిచూపుతారు. అది నిజమే అయినా, రెండవ దశలో ఉద్యమభారాన్ని మోసినవారు వేరు. 1918లో వేటపాలెంలో యువకుల సంఘంగా మొదలై తరువాత సారస్వత నికేతనంగా ప్రసిద్ధికెక్కిన గ్రంథాలయం, చేనేత పనివారూ చిన్న వర్తకులూ ఉన్న ఊరిలో పెరిగి, పాత పత్రికల సంచికలను జాగ్రత్తపరచిన అరుదైన నిధిగా పరిశోధకులకు నేటికీ ఉపయోగపడుతున్నది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కృష్ణా కాలువపై నడిచే పడవలో పుస్తకాలు పెట్టి, రేవు రేవునా ప్రయాణికులకూ గ్రామస్థులకూ అందించే పడవ గ్రంథాలయాన్ని ప్రారంభించారు. రోడ్డు సౌకర్యం లేని పల్లెలకు కాలువే దారి అయిన కాలంలో, ఉన్న దారినే పుస్తకానికి వాహనంగా మార్చిన ఉపాయం అది.

నిజాం పాలనలోని తెలంగాణలో ఇదే పని మరింత కఠినమైంది. రాజభాష ఉర్దూ కావడం, సభ జరుపుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలని గస్తీ నిశాన్ 53 అనే ఉత్తర్వు నిర్బంధించడం, ప్రైవేటు బడులు పెట్టడానికి కూడా అనుమతులు అవసరం కావడం వల్ల, తెలుగు పుస్తకాల గది తెరవడమే ఒక రాజకీయ చర్యగా అనుమానానికి గురయ్యేది. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం, 1926 నుంచి సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో వెలువడిన గోలకొండ పత్రిక ఈ వాతావరణంలోనే పనిచేశాయి. వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం ఈ దశకు చక్కని సాక్ష్యం. పేద కుటుంబంలో పుట్టి, ఇళ్లలో వంటపని, హోటల్లో వడ్డనపని చేస్తూ చదువు నేర్చుకున్న ఆయన, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చువేసిన పుస్తకాలను తానే ఊరూరా తిరిగి అమ్మి, ఆ తరువాత ఏళ్ల తరబడి జైలుజీవితం గడిపారు. ఆయన పట్టుదలను ఎవరూ కాదనలేరు. కానీ ఆ పట్టుదలకు చదివేవారి బృందాలు, పుస్తకం కొనే సంఘాలు, పత్రికలు ముందే ఒక ఆవరణాన్ని ఏర్పరచి ఉంచాయన్న సంగతిని కూడా అంతే గట్టిగా గుర్తించాలి.

స్వాతంత్ర్యానంతరం ఈ ప్రయత్నం చట్టరూపం దాల్చింది. 1948లో మద్రాసు రాష్ట్రంలోనూ, 1955లో హైదరాబాద్ రాష్ట్రంలోనూ గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వెలువడి, ఇంటిపన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను, అంటే సెస్సు, జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆధారమైంది. చందాలు ఇచ్చేవారి ఉత్సాహం సన్నగిల్లినా గ్రంథాలయం మూతపడకుండా ఈ ఏర్పాటు కాపాడింది. అదే సమయంలో పన్ను వసూలు చేసేది స్థానిక సంస్థలు, ఖర్చు పెట్టేది గ్రంథాలయ సంస్థలు కావడంతో బకాయిలు పేరుకుపోవడం, పాఠకుడికి యాజమాన్య భావన తగ్గిపోవడం అనే కొత్త సమస్యలు తలెత్తాయి. చట్టం ఉద్యమానికి ఆయుష్షు ఇచ్చింది, అయితే ఆ ఆయుష్షులోని చైతన్యానికి పూచీ ఇవ్వలేకపోయింది.

ఆదాయంతో తలపడిన ఉద్యమం: సారా వ్యతిరేక పోరాటం

సారా వ్యతిరేక ఉద్యమం ఈ సమీక్షలో అన్నింటికన్నా లోతైన పాఠాలున్న ఉదంతం. 1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత సుమారు 33 శాతం. 1990 నుంచి నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం అక్షరదీపం పేరుతో సాగింది. రాత్రిబడులకు వచ్చే కూలి స్త్రీలకు అక్షరాలతోపాటు చర్చనీయాంశాలు కూడా అందాలన్న ఉద్దేశంతో రూపొందిన వాచకాల్లో, కళాజాతా ప్రదర్శనల్లో తాగుడు సమస్య ప్రధానంగా చోటు చేసుకుంది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ తదితర స్త్రీలు ఊరి సారా దుకాణాన్ని మూయించిన సంఘటన ఆధారంగా ఒక పాఠం తయారై, దాన్ని చదివిన ఇతర గ్రామాల స్త్రీలు తమ ఊళ్లలోనూ అదే పనికి దిగారు. బండూరా చెప్పిన, తనవంటివారి చర్యను చూసి నమ్మకం పొందే ప్రక్రియకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. తమవంటి స్త్రీల కథను తాము కొత్తగా నేర్చిన అక్షరాలతోనే చదవగలగడం ఆ నమ్మకానికి రెట్టింపు బలం ఇచ్చింది.

ఉద్యమకారిణులకు ఎదురైన అవరోధాలు ఒకదానిపై ఒకటి పేరుకున్నవి. ప్రభుత్వం సారా అమ్మకపు హక్కును ఏటా వేలంపాట వేసి, అత్యధిక మొత్తానికి పాడిన కాంట్రాక్టరుకు అప్పగించేది. వారుణి వాహిని పథకం ద్వారా ప్యాకెట్లలో సరఫరా మొదలైన తరువాత, దుకాణానికి వెళ్లనవసరం లేకుండానే సారా ప్యాకెట్టు వాడవాడకూ చేరింది. ఆబ్కారీ ఆదాయం రాష్ట్ర ఖజానాకు వందల కోట్ల రూపాయలు సమకూర్చే వనరు కావడంతో, కాంట్రాక్టరు వెనుక పోలీసు యంత్రాంగం, రాజకీయ ప్రయోజనం రెండూ నిలిచాయి. ఇంట్లో తాగివచ్చే భర్త, ఊళ్లో కాంట్రాక్టరు మనుషులు, వెలుపల ఖజానా అవసరం, ఇలా మూడు దిక్కుల నుంచీ ఒత్తిడి ఉన్నప్పటికీ, ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాలకు చెందిన కూలి స్త్రీలు 1992 ద్వితీయార్ధంలో ప్యాకెట్లను తగలబెట్టి, సరఫరా వాహనాలను ఊరి పొలిమేరల్లో నిలిపివేసి, వేలంపాటలు జరగకుండా అడ్డుకున్నారు. ఈనాడు వంటి పత్రికలు, మహిళా సంఘాలు, వామపక్షాలు తోడు నిలవగా ఉద్యమం ఇతర జిల్లాలకు పాకింది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం ప్రధాన వాగ్దానమై, గెలిచిన ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి దాన్ని అమలులోకి తెచ్చింది.

రెండేళ్లు గడిచాక, 1997లో, సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేశారు. సారా నిషేధం మాత్రం కొనసాగింది. ఒకే ఉద్యమం సాధించిన రెండు ఫలితాల్లో ఒకటి నిలవడానికీ, మరొకటి నిలవకపోవడానికీ కారణం స్త్రీల పట్టుదలలో హెచ్చుతగ్గులు కాదు. సారా స్థానంలో సీసా మద్యం అమ్మకం నుంచి ఖజానా తన రాబడిని తిరిగి పూరించుకోగలదు కాబట్టి మొదటి నిషేధాన్ని ప్రభుత్వం భరించగలిగింది. రెండవది రాబడి మూలాన్నే ఎండగట్టింది కాబట్టి నిలవలేదు. అక్రమ రవాణా, దొంగసారా వంటి పరిపాలనా సమస్యలు కూడా ఎత్తివేతకు కారణాలుగా వినిపించినప్పటికీ, ఆర్థిక కారణమే బలమైనదని ఆ తరువాత మద్యం రాబడికి రాష్ట్ర బడ్జెట్లలో పెరుగుతూ వచ్చిన స్థానం సూచిస్తుంది. ఈ ఘర్షణ కొత్తది కూడా కాదు. 1954లో ఆంధ్రరాష్ట్రంలో ప్రకాశం పంతులు ప్రభుత్వం పడిపోవడానికి మద్యనిషేధంపై రామమూర్తి కమిటీ సిఫారసులను అమలుచేయకపోవడమే వివాదాంశమైంది. ఆనాడు నిషేధం వల్ల జీవనం దెబ్బతిన్న గీత కార్మికుల పక్షం ఆ వాదనలో ముందు నిలిచింది. ఒక వర్గం పవిత్ర లక్ష్యం మరొక వర్గపు కూటికి అవరోధం కావచ్చునన్న సత్యాన్ని ప్రశంసాకథనాలు సాధారణంగా విస్మరిస్తాయి.

ఉద్యమానికి అక్షరాస్యతా కార్యక్రమమే కారణమా అన్న వివాదం పరిశోధకుల్లో నేటికీ ఉంది. అంతకుముందే తెలంగాణ జిల్లాల్లో నక్సలైట్ పార్టీల చొరవతో సారా వ్యతిరేక చర్యలు జరిగిన సంగతిని, అక్షరదీపం తరగతులు నడవని ఊళ్లలో కూడా స్త్రీలు కదిలిన సంగతిని ఒక పక్షం గుర్తుచేస్తుంది. రాత్రిబడి లేకపోతే కూలి స్త్రీలు రోజూ ఒకచోట చేరి కష్టసుఖాలు మాట్లాడుకునే వేళ, చోటు ఉండేవే కావని రెండవ పక్షం అంటుంది. ఆగ్రహానికి మూలం ఇంటి అనుభవమనీ, ఆ ఆగ్రహాన్ని ఊరుమ్మడి నిర్ణయంగా మార్చినది క్రమంతప్పని సమావేశమనీ తీసుకుంటే రెండు పక్షాల వాదనలకూ చోటు దొరుకుతుంది.

సొంత నిధి, సొంత గొంతు

ఉద్యమం చల్లారిన తరువాత అదే నెల్లూరు జిల్లాలో, సారాపై పోయే డబ్బును ఇంట్లో నిలపాలన్న ఆలోచనతో, రోజుకొక రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు వెలిశాయి. కేంద్ర ప్రభుత్వ డ్వాక్రా పథకం, 1992లో నాబార్డు ప్రారంభించిన బ్యాంకు అనుసంధానం, 2000లో మొదలైన వెలుగు పథకం వీటికి తోడై, తెలుగు ప్రాంతం స్వయంసహాయక సంఘాల విస్తరణలో దేశానికి ముందు నిలిచింది. పది పదిహేనుమంది స్త్రీలు వారానికో నెలకో కలిసి, తీర్మానాల పుస్తకంలో సంతకం చేసి, అప్పు ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చుకునే ఈ పద్ధతిలో, ఆస్ట్రమ్ చెప్పిన పరస్పర గమనిక ప్రతి సమావేశంలోనూ అమలవుతుంది.

అయితే సొంత పొదుపు కన్నా బయటి అప్పు పెరిగిన చోట ఇదే నిర్మాణం తలకిందులైంది. సూక్ష్మరుణ కంపెనీలు సంఘ సభ్యుల పరస్పర పూచీని వసూలు సాధనంగా వాడుకొని, ఒకరి కిస్తీ తప్పితే మిగతావారితో ఒత్తిడి చేయించడం, ఒక కంపెనీ అప్పు తీర్చడానికి మరొక కంపెనీ దగ్గర అప్పు చేయవలసి రావడం 2010 నాటికి సంక్షోభంగా మారింది. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, కంపెనీల నమోదునూ వసూలు పద్ధతులనూ కట్టడి చేసింది. స్త్రీల మధ్య పుట్టిన నమ్మకం వారిని ఆదుకునే బలమూ కావచ్చు, వారి మెడకు ఉచ్చూ కావచ్చు. ఏది అవుతుందన్నది ఆ నమ్మకాన్ని హామీగా పెట్టుకొని నడిచే డబ్బు ఎవరిదన్న దానిపై ఆధారపడి ఉంది.

ములుకనూరు అనుభవం దీనికి భిన్నమైనది. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి నాయకత్వంలో ఏర్పడిన ములుకనూరు సహకార సంఘం ఆ ప్రాంతంలో ఉమ్మడి వ్యాపారపు క్రమశిక్షణను అలవాటు చేసింది. కానీ 1964 నాటి సహకార చట్టం కింద పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం సర్కారు రిజిస్ట్రారు చేతిలో ఉండటం సహకార సంఘాలన్నింటికీ శాసనావరోధమైంది. ప్రభుత్వ వాటాధనం తీసుకోని సంఘాలు తమ నియమాలను తామే రాసుకొని, ఎన్నికలను తామే జరుపుకొనే వీలు కల్పిస్తూ 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టపు నీడలో పొదుపు సంఘాలుగా అనుభవం గడించిన స్త్రీలు 2002లో ములుకనూరు మహిళా పాడి సహకార సంఘాన్ని ప్రారంభించి, పాల సేకరణ నుంచి స్వకృషి పేరుతో అమ్మకం దాకా తామే నిర్వహిస్తున్నారు. దేశంలో సహకార సంస్థలు ప్రభుత్వ వాటాధనంతో పుట్టి ప్రభుత్వ జోక్యంతో కుంటుపడిన ఉదాహరణలు విరివిగా ఉండగా, ఈ సంఘం నిలదొక్కుకోవడానికి సొంత మూలధనం, చట్టం ఇచ్చిన స్వయంప్రతిపత్తి ఒకేసారి సమకూరడం ప్రధాన కారణం.

జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పరిధిలోని మహిళా సంఘాలది మరొక దారి. వీటి సభ్యుల్లో అధికులు దళిత స్త్రీలు. బియ్యం రేషన్ వల్ల జొన్న, సజ్జ, కొర్ర వంటి మెట్టపంటలు వెనుకబడుతున్న కాలంలో, పడావుపడిన భూములను సాగులోకి తెచ్చి, సాగుకు తీసుకున్న అప్పును జొన్నల రూపంలో తిరిగి జమచేసి, ఆ ధాన్యాన్ని ఊళ్లోని నిరుపేదలకు తక్కువ ధరకు అందించే ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీని వీరు నడిపారు. తమ మాటను తామే ప్రసారం చేసుకోవాలన్న వారి కోరికకు ఎదురైనది పూర్తిగా శాసనావరోధం. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో అనుమతించే విధానం 2006లో గానీ రాలేదు. యునెస్కో తోడ్పాటుతో ముందే సిద్ధమైన కేంద్రం, లైసెన్సు దొరికేదాకా కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల సమావేశాల్లో వినిపిస్తూ వచ్చింది. 2008 అక్టోబరు 15న మాచ్‌నూరు నుంచి సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. సంఘాల కృషికి 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించింది. అనుమతి రాని పదేళ్లలో వారు పనిని ఆపకుండా, అనుమతి అవసరంలేని రూపంలో కొనసాగించడం వల్లనే, అనుమతి వచ్చిన నాటికి కార్యక్రమాలు తయారుచేయగల స్త్రీలు సిద్ధంగా ఉన్నారు.

శిఖరం, దాని కింది మెట్లు

పై ఉదంతాలన్నీ సమూహాలవి కాగా, వ్యక్తి సాధించిన విజయాన్ని ఈ చట్రంలో ఎలా అర్థం చేసుకోవాలన్న ప్రశ్న మిగులుతుంది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో 8,848 మీటర్ల ఎవరెస్టు శిఖరాన్ని ఎక్కి, ఆ ఘనత సాధించిన బాలికల్లో అతిపిన్న వయస్కురాలయింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమెతోపాటు శిఖరం చేరాడు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్ల లోపువారికి అనుమతి లేకపోవడం వల్ల వీరు మరింత కష్టమైనదిగా పేరుపడిన టిబెట్ మార్గాన వెళ్లవలసి వచ్చింది. పూర్ణ తరువాతి కాలంలో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను కూడా అధిరోహించి 2022లో ఆ పరంపరను పూర్తిచేసింది.

ఆ ధైర్యం, శారీరక దారుఢ్యం పూర్ణవే. అయితే వ్యవసాయ కూలీల కుమార్తెకు పర్వతారోహణ అనే ఊహ కలగడానికి ఒక సంస్థ అవసరమైంది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేలులో మొదలైన గురుకుల విద్యావిధానం, 1980వ దశకంలో దళిత, గిరిజన పిల్లలకు సాంఘిక సంక్షేమ గురుకులాల రూపంలో విస్తరించింది. వాటికి కార్యదర్శిగా పనిచేసిన పోలీసు అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ హయాంలో చదువుతోపాటు సాహసక్రీడలకూ చోటు లభించి, శేఖర్‌బాబు బచినేపల్లి వంటి శిక్షకుల ఆధ్వర్యంలో భువనగిరి కొండపై శిక్షణ పొందిన విద్యార్థుల నుంచి, డార్జిలింగ్, లడాఖ్ శిక్షణల తరువాత ఇద్దరు ఎంపికయ్యారు. అప్పాదురై మాటల్లో చెప్పాలంటే, కోరికకూ శిఖరానికీ మధ్య ఉన్న మెట్లను గురుకులం కట్టి ఇచ్చింది.

ఈ నమూనాపై రెండు విమర్శలున్నాయి. ప్రవేశపరీక్ష ద్వారా ఎంపిక జరిగే గురుకులం, ఊరిబడిలో మిగిలిపోయే పిల్లల పరిస్థితిని మార్చదన్నది మొదటిది. ఒక విజయాన్ని వ్యవస్థ మొత్తానికి ప్రచారపత్రంగా వాడుకునే ప్రమాదం ఉందన్నది రెండవది. రెండింటిలోనూ సత్యం ఉంది. పూర్ణ విజయానికి అసలైన కొలమానం శిఖరంపై ఎగిరిన జెండా కన్నా, ఆ తరువాత అదే బడుల్లో చేరిన పిల్లల్లో ఎందరు తమకు అందవనుకున్న చదువులను, వృత్తులను కోరుకోగలిగారన్నదే కావాలి.

ఉదంతాలన్నింటినీ కలిపి చూస్తే

ఇంత భిన్నమైన ఉదంతాలను పక్కపక్కన పెట్టినప్పుడు కొన్ని సామాన్య లక్షణాలు బయటపడతాయి. ఆకాంక్ష దాదాపు ఎప్పుడూ సమీపంలోని ఉదాహరణ నుంచే పుట్టింది. దూబగుంట స్త్రీల కథ పొరుగు ఊరి స్త్రీలను కదిలించినంతగా, ఎంతటి మహాపురుషుని జీవితచరిత్రా కదిలించలేదు. ఆ ఆకాంక్ష కొనసాగింపుకు క్రమంతప్పని కలయిక అవసరమైంది. పుస్తకాల గది, రాత్రిబడి, పొదుపు సమావేశం, పాలకేంద్రం, రేడియో స్టూడియో రూపంలో వేరైనా, ఒక నిర్ణీత వేళకు ఒకే చోట మనుషులను చేర్చడంలో ఒకటే పనిచేశాయి. వ్యక్తిగత పట్టుదలకు ఇక్కడ ఉన్న స్థానం చిన్నదేమీ కాదు. ఆ కలయికను మొదటిసారి ఏర్పరచడానికి, భయపడేవారి మధ్య ముందుగా నిలబడడానికి అది తప్పనిసరి.

నిలకడ విషయానికి వస్తే, లక్ష్యం ఎవరి ఆదాయంపై ఆధారపడి ఉంది, ఎవరి ఆదాయాన్ని దెబ్బతీస్తుంది అన్న రెండు విషయాలు నిర్ణాయకమైనవిగా కనిపిస్తాయి. సభ్యుల సొంత డబ్బుపై నిలిచిన ములుకనూరు పాడి సంఘం, ధాన్యమే నిధిగా సాగిన జహీరాబాద్ సంఘాలు స్వతంత్రంగా మనగలిగాయి. పన్నుపై ఆధారపడిన గ్రంథాలయాలు మూతపడలేదు గానీ, ఆ పన్ను జమచేసే సంస్థల దయపై ఆధారపడ్డాయి. బయటి అప్పుపై పెరిగిన సంఘాలు ఆ అప్పు ఇచ్చినవారి లెక్కల్లో చిక్కుకున్నాయి. ఖజానా ఆదాయానికి నేరుగా అడ్డుపడిన మద్యనిషేధం, ఎన్నికలను గెలిపించేంత ప్రజాబలం ఉన్నప్పటికీ, రెండేళ్లు గడిచాక నిలవలేదు. బడ్జెట్‌పై నడిచే గురుకులాల భవిష్యత్తు కూడా ప్రభుత్వాల ప్రాధాన్యాలతోపాటు మారవలసినదే.

ఈ ఉదంతాల్లో దాదాపు అన్నింటిలోనూ బయటి సహాయకుడు, అంటే జమీందారో, స్వచ్ఛంద సంస్థో, పోలీసు అధికారో కనిపించడం వల్ల, వీటిని సామాన్యుల విజయాలు అనవచ్చునా అన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి సమాధానం సహాయకుడు ఉన్నాడా లేడా అన్న విచారణలో కాక, ఆయన వెళ్లిపోయిన తరువాత నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారన్న విచారణలో దొరుకుతుంది. నియమాలు రాసుకునే హక్కు, ఖాతా పుస్తకం, ఎన్నిక సభ్యుల చేతుల్లో ఉంటే ఆ సహాయం మెట్టుగా పనిచేసినట్టు. అవి సహాయకునితోనే పోతే, అది ఆయన సొంత విజయంగానే లెక్కకు రావాలి. ఈ పరీక్ష పెట్టినప్పుడు, ఘనంగా ప్రచారమైన కొన్ని ప్రయత్నాలు తేలిపోతాయి, ప్రచారం దక్కని కొన్ని గట్టివిగా తేలుతాయి.

ఈ సమీక్షకు కూడా ఒక పరిమితి ఉంది. పరిశీలించిన ఉదంతాలన్నీ కొంతమేరకైనా ఫలించినవి, అందుకే నమోదైనవి. చందాలు ఆగి మూతపడిన ఊరి గ్రంథాలయాలు, రెండు మూడు నెలలకే చెదిరిన పొదుపు సంఘాలు, దుకాణం మూయించబోయి దెబ్బలు తిని వెనక్కు తగ్గిన స్త్రీలు చరిత్రలో కనిపించరు. వారి అనుభవాలను గ్రామస్థాయిలో, తీర్మానాల పుస్తకాలనూ ఖాతాలనూ ఆధారంగా చేసుకొని సేకరించగలిగితే, పట్టుదల ఎక్కడిదాకా పనిచేస్తుంది, ఎక్కడినుంచి నిధీ చట్టమూ అవసరమవుతాయి అన్న సరిహద్దును మరింత స్పష్టంగా గీయవచ్చు. అప్పటివరకు, సామాన్యులను ఇంకా పట్టుదలగా ఉండమని బోధించే సాహిత్యం కన్నా, వారి సంఘాలకు సొంత ఖాతా, సొంత నియమావళి, తమ నిర్ణయాన్ని రద్దు చేయలేని చట్టం సమకూర్చే విధానం ఎక్కువ ఫలితం ఇస్తుందని ఇప్పుడు లభిస్తున్న ఆధారాలు చెబుతున్నాయి.